తొమ్మిది, పది తరగతుల పిల్లలకి అంగన్‌వాడీలో పని నేర్పిస్తే తప్పా?

రాజోలు_టీచరమ్మ
రాజోలు దగ్గర ఓ జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మా ప్రహరీగోడకి అవతలే అంగన్‌వాడీ. మధ్యాహ్నం భోజనం అయ్యాక మా పిల్లలు కొందరు అటు వెళ్లి ఆ బుడ్డోళ్లతో ఆడుకునేవాళ్లు. ఓరోజు నేనూ వెళ్లి చూశాను. కొత్తగా చేరిన మూడేళ్ల బాబు గుమ్మం పట్టుకుని అమ్మ కావాలని ఒకటే ఏడుపు. మా తొమ్మిదో తరగతి పిల్ల వాణ్ని ఎత్తుకోలేదు, బుజ్జగించలేదు, చాక్లెట్ ఆశ పెట్టలేదు. రెండడుగుల దూరంలో కింద కూర్చుని చింతపిక్కలు ఒక్కోటీ కొబ్బరిచిప్పలో వేస్తూ టక్కు టక్కుమని చప్పుడు చేస్తోంది, వాడి వైపు చూడటం కూడా లేదు. కాసేపటికి వాడే ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకుంటూ వచ్చి చిప్పలో చెయ్యి పెట్టాడు. బీఈడీలో కూడా నాకు ఎవరూ నేర్పని విద్య అది.

అందుకే శనివారం నో బ్యాగ్ డే రోజున, ఇష్టమున్న పిల్లల్ని రెండు గంటలు అక్కడికి పంపడం మొదలుపెట్టాను, అంగన్‌వాడీ టీచర్ కూడా సరేనంది. నెల తిరగకుండా తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు బడికి వచ్చి, మా పిల్లని ఆయా పనికి తయారు చేస్తున్నారా అని గొడవ. హెచ్‌ఎం గారు ఎందుకొచ్చిన తలనొప్పి, ఆపేయమంటున్నారు. నేను చేసింది తప్పా? ఒకవేళ ఏ పిల్లయినా నిజంగా ఈ లైన్లోకి వెళ్తానంటే పదో తరగతి తర్వాత ఏం చదివించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కొబ్బరితోట_రైతు
మేడమ్, కోపం తెచ్చుకోకండి గానీ మా అమ్మాయిని పంపితే నేనూ వచ్చి అడిగేవాణ్ని. ఎకరం కొబ్బరి మీద వచ్చేది చూసుకుని పిల్లకి ఫీజు కడుతున్నాం. అంగన్‌వాడీ టీచర్లు జీతం పెంచమని రోడ్డు మీద కూర్చోవడం అందరం చూశాం. ఆ దారి పదిహేనేళ్ల పిల్లకి ఎందుకు చూపించాలి? పిల్లలంటే ఇష్టముంటే నర్సింగ్ చేయించండి, ఆసుపత్రిలో ఉద్యోగం వస్తుంది.

అంగన్‌వాడీ_అక్క
రైతు గారు చెప్పింది నిజమే, నేనూ కూర్చున్నాను. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు జరిగిందండీ సమ్మె, సంక్రాంతి కూడా టెంట్లోనే. సమ్మెలు నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. అప్పటికి టీచరుకి 11,500, ఆయాకి 7,000. అది కూడా జీతం కాదు, గౌరవ వేతనం అంటారు. ఆ బాధ నాకు మీకంటే ఎక్కువ తెలుసు.

కానీ "ఆయా పని" అని తీసిపారేస్తే మాత్రం ఊరుకోను. మా ఆయా లేకపోతే నా సెంటరు ఒక్కరోజు నడవదు, అది మొదటి మాట. ఇక నేనేం చేస్తానో వినండి. పొద్దున్నే హాజరు, ఫోన్లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించడం, సర్వర్ పడిపోతే మళ్లీ మొదటి నుంచి. బరువులు, ఎత్తులు. ఆర్నెల్లు నిండిన దగ్గర్నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలుస్తాం, 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే ఎరుపు, ఆ బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టు లెక్క. 12.5 దాటితే ఆకుపచ్చ. టేపు బిగించి పట్టుకుంటే ఒక లెక్క, వదులుగా పట్టుకుంటే ఇంకో లెక్క, మధ్యలో ఆ బిడ్డ తన్నుతూ ఉంటుంది. ఇవన్నీ అయ్యాక మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి ఆట, పాట, కథ. చివరిదే అసలు చదువు, దానికే టైం మిగలదు.

ఇదంతా ఉద్యోగంలో చేరాక పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. పదహారేళ్లప్పుడు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే నా మొదటి రెండేళ్ల పిల్లలకి ఇంకా బాగా చెప్పేదాన్ని. టీచరమ్మ గారూ, ఆపకండి.

గోదారి_తాతయ్య
మా మనవడు అంగన్‌వాడీని "మా ఆఫీసు" అంటాడు. ఆదివారం కూడా ఆఫీసుకి పోతానని చెప్పులేసుకుని కూర్చుంటాడు. ఆ టీచరు చేతిలో ఏదో మహత్యం ఉంది బాబూ, జీతం పెంచాల్సిందే.

పాలకొల్లు_లెక్చరర్
పదో తరగతి తర్వాత ఏమిటి అని అడిగారు కదా, నాకు తెలిసింది రాస్తాను.

మన ఇంటర్ వొకేషనల్లో ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగ్ అని రెండేళ్ల కోర్సు ఉంది, చాలామందికి దాని పేరే తెలియదు. అన్ని కాలేజీల్లో ఉండదు, అడ్మిషన్లప్పుడు వొకేషనల్ కోర్సుల జాబితా అడిగి చూసుకోవాలి. ఓజేటీ ఉంటుంది కాబట్టి బళ్లలో పని చేస్తూ నేర్చుకుంటారు. రెండోది, మామూలు ఇంటర్ చేసి డీఈఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి డీఈఎల్‌ఈడీ, అంటే ప్రాథమిక టీచరు డిప్లొమా. దానికి మన వైపు బొమ్మూరులో డైట్ (జిల్లా టీచరు శిక్షణ సంస్థ) ఉంది, అవతల దూబచర్లలో. బీఈడీ వాళ్లు ప్రాథమిక టీచరు పోస్టులకి అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక డీఈఎల్‌ఈడీ విలువ పెరిగింది. వొకేషనల్ చేసి తర్వాత డీఈఎల్‌ఈడీ అనుకునేవాళ్లు మాత్రం ముందే డీఈఈసెట్ నోటిఫికేషన్లో అర్హతల పేజీ చదవండి, చేరాక కాదు. డిగ్రీకి వెళ్లాలంటే వొకేషనల్ వాళ్లు అదనంగా చదవాల్సిన బ్రిడ్జి కోర్సు సంగతి కూడా కాలేజీలోనే తేల్చుకోండి. మూడోది, ఇంటర్ అయ్యాక ఇగ్నోలో డీఈసీఈ అని ఏడాది డిప్లొమా, శిశు సంరక్షణ, విద్య మీదే. ఇంట్లో ఉండి చదవొచ్చు.

ఊళ్లో ఫ్లెక్సీ కట్టి ఆర్నెల్లలో నర్సరీ టీచర్ సర్టిఫికెట్, వంద శాతం ఉద్యోగం అనే వాళ్ల దగ్గర డబ్బు కట్టేముందు ఆ సర్టిఫికెట్‌ని ఎవరు గుర్తిస్తారో కాగితం చూపించమనండి. మా పక్కింటి అమ్మాయి ముప్పై వేలు కట్టింది, ఆ కాగితం ఇప్పుడు ఏ ప్రభుత్వ నోటిఫికేషన్‌కీ పనికి రావట్లేదు.

కొబ్బరితోట_రైతు
లెక్చరర్ గారూ, ఇన్ని కోర్సులు చెప్పారు, చివర్లో ఉద్యోగం ఎక్కడో చెప్పలేదు.

భీమవరం_ప్లేస్కూల్
ఉద్యోగం నా దగ్గర ఉంది రైతు గారూ, మనిషే దొరకట్లేదు. ఆక్వా డబ్బు వచ్చాక ఈ చుట్టుపక్కల మండల కేంద్రాల్లో కూడా ప్లేస్కూళ్లు పెరిగాయి. ప్రకటన వేస్తే బీటెక్ వాళ్లు వస్తారు, ఎంబీఏ వాళ్లు వస్తారు. ఇంగ్లీషు గలగలా మాట్లాడతారు. మూడేళ్ల పిల్ల లాగులో పోసుకుంటే ముక్కు మూసుకుని నన్ను పిలుస్తారు. ఆ నిమిషంలో ఆ పిల్ల మొహం చూస్తే తెలుస్తుంది, సిగ్గుతో కుంచించుకుపోతుంది. నవ్వకుండా, మొహం చిట్లించకుండా పక్కకి తీసుకెళ్లి బట్టలు మార్చి మళ్లీ ఆటలో కూర్చోబెట్టగలిగే మనిషి నాకు కావాలి. నాలుగేళ్లవాడి చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల కాపీలో అ ఆలు పేజీలకి పేజీలు దిద్దించకుండా ఉండే మనిషి కావాలి. వేళ్లలో బలం రాకముందే రాయిస్తే పిల్లాడు పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటాడు, ఆ అలవాటు మాన్పించడం కష్టం. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపడం, ఇవన్నీ అయ్యాక రాత. తల్లిదండ్రులు ఫీజు కట్టి హోంవర్క్ ఏదీ అంటారు, వాళ్లకి సర్దిచెప్పడం కూడా టీచరు పనే.

కొబ్బరితోట_రైతు
మరి ఆ మనిషికి ఎంత ఇస్తారు?

భీమవరం_ప్లేస్కూల్
చేరినప్పుడు ఎనిమిది వేలు. రెండో ఏడాది నుంచి పెంచుతాను.

కొబ్బరితోట_రైతు
రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి కూడా అంత వస్తుంది. చెప్పాను కదా.

చించినాడ_వంతెన
ఇద్దరూ కరెక్టే, అదే బాధ. ప్లేస్కూల్ మేడమ్, శిక్షణ ఉన్న మనిషి కావాలంటారు, శిక్షణ లేనివాళ్లకిచ్చే జీతమే ఇస్తారు. మీరు ముందు పన్నెండు వేలు ఇచ్చి చూడండి, పిల్లలు తల్లిదండ్రులతో పోట్లాడి మరీ ఆ కోర్సులో చేరతారు.

భీమవరం_ప్లేస్కూల్
అద్దె, వ్యాను, కరెంటు కట్టాక అంత మిగలదండీ. కానీ మీ మాట పట్టుకుంటాను. కోర్సు చేసి వచ్చినవాళ్లకి వేరే జీతం పెట్టాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను, వచ్చే జూన్ నుంచి పెడతాను.

కువైట్_నుంచి_ఇంటికి
నేను కువైట్‌లో ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పెంచి వచ్చాను. చిన్నదానికి నెలల పిల్లప్పటి నుంచి నేనే. దానికి మొదట వచ్చిన మాటల్లో "బువ్వ" ఒకటి. నా ఇద్దరు పిల్లలు మాత్రం సఖినేటిపల్లిలో మా అమ్మ దగ్గర పెరిగారు, ఫోన్లో చూసుకునేదాన్ని. మన కోనసీమలో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు.

మాతో పాటు పని చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిలు వాళ్ల దేశంలో ట్రైనింగ్ అయ్యి సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని విమానం ఎక్కేవాళ్లు. బిడ్డ గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చెయ్యాలో వాళ్లకి తెలుసు, నేను అక్కడ వాళ్లని చూసి నేర్చుకున్నాను. జీతం మాట్లాడేటప్పుడు కూడా వాళ్లు ధైర్యంగా అడిగేవాళ్లు. మేము ఏజెంటు ఎంత చెబితే అంత.

రైతు గారూ, మన ఆడపిల్లలు ఎలాగూ ఎవరో ఒకరి పిల్లల్ని పెంచుతూనే ఉన్నారు. ఇక్కడో అక్కడో, ఊరికేనో జీతానికో. ఆ పని చదువుకుని చేస్తే జీతం గట్టిగా అడగొచ్చు. నాకు అదొక్కటే లేకపోయింది. రాజోలు టీచరమ్మ గారు చేస్తున్నది అదే.

గోదారి_తాతయ్య
అమ్మా, మంచి మాట చెప్పావు. మీ పిల్లలు ఇప్పుడు దగ్గరే ఉన్నారా?

కువైట్_నుంచి_ఇంటికి
ఉన్నారు బాబాయ్. పెద్దది ఇంటర్. చిన్నోడు నన్ను ఇంకా "మీరు" అంటాడు, మెల్లగా మారతాడు.

తణుకు_టు_టెక్సాస్
మా అన్నయ్య కూతురు ఇక్కడ హైస్కూల్లో ఈ చదువే చదువుతోంది కాబట్టి చెబుతున్నా. స్కూలు బిల్డింగులోనే చిన్న పిల్లల సెంటర్ ఉంది, ఆ స్కూల్ టీచర్ల పిల్లలే అక్కడ ఉంటారు. అద్దం గోడ అవతల నుంచి ముందు చూడటం నేర్పారు, తర్వాతే లోపలికి పంపారు. సీడీఏ అని ఒక సర్టిఫికెట్ ఉంది, హైస్కూల్ చివరి రెండేళ్ల పిల్లలు కూడా తీసుకోవచ్చు. 120 గంటల పాఠాలు, 480 గంటలు నిజంగా పిల్లలతో పని, ఫైల్ తయారు చెయ్యాలి, పరీక్ష రాయాలి, ఒకరు వచ్చి పని చేస్తుండగా చూసి మార్కులేస్తారు. మూడేళ్లకోసారి రెన్యువల్. ఇంత చేసినా ఇక్కడ కూడా డేకేర్ టీచర్లకి జీతాలు తక్కువే అని గొడవ ఉంది, అమెరికా అనగానే అన్నీ బాగుంటాయనుకోకండి. కానీ ఆ 480 గంటలు నాకు నచ్చింది. ఇంకొకటి, మా పిల్ల కాలేజీలో స్పీచ్ థెరపీ తీసుకుంటానంటోంది. మాట ఆలస్యమైన పిల్లాడొకడు వాళ్ల సెంటర్లో ఉన్నాడట, వాడి దగ్గర కూర్చుని కూర్చుని ఆ ఆలోచన వచ్చిందట.

రైతు గారు ఈ పాయింటు చూడండి. పసిపిల్లల దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లా టీచరే అవ్వాలని లేదు. మీరన్న నర్సింగ్‌కి కూడా ఇది పనికొస్తుంది.

ఇంటర్_కుర్రాడు
నేను అబ్బాయిని, పేరు అడగకండి. టెన్త్‌లో ఉన్నప్పుడు మా ఊరి అంగన్‌వాడీలో రోజూ సాయంత్రం పిల్లల్ని ఆడించేవాణ్ని, తాటిబుర్రలతో బళ్లు చేసి ఇచ్చేవాణ్ని, కొబ్బరాకుతో బూరలు. నన్ను చూస్తే చాలు వరసగా బండి కట్టేవాళ్లు. మా ఫ్రెండ్స్ "ఆయమ్మ వచ్చిందిరా" అనేవాళ్లు. ఇంక మానేశాను. ఇప్పుడు ఎంపీసీ. మగవాళ్లకి ఈ లైన్లో చోటుందా?

పాలకొల్లు_లెక్చరర్
అంగన్‌వాడీ టీచరు పోస్టు ఆడవాళ్లకే తమ్ముడూ. డీఈఎల్‌ఈడీ చేసి ప్రాథమిక బడిలో టీచరు (ఎస్‌జీటీ) అయితే ఒకటి, రెండు తరగతులు నీ చేతికొస్తాయి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా అంతా ఒకే పునాది దశ అంది, అంటే ఒకటి, రెండు కూడా అందులోనే. ఎంపీసీ చదివినా డీఈఈసెట్ రాయొచ్చు. తాటిబుర్ర బండి చెయ్యగలిగిన మాస్టారు ఎవరికి చేదు?

అంగన్‌వాడీ_అక్క
బాబూ, వాళ్లు ఏమన్నా అననీ. మా సెంటర్లో సగం మంది పిల్లలకి నాన్న ఊళ్లో ఉండడు, చేపల బోటు మీదో, గల్ఫ్‌లోనో. మగమనిషి కింద కూర్చుని తమతో ఆడతాడని ఆ పిల్లలకి తెలియదు. సెలవులకి వచ్చినప్పుడు ఓసారి వెళ్లు.

లంకలో_లాంతరు
పోస్టుల మాట వచ్చింది కాబట్టి. మా లంకలో అంగన్‌వాడీ పోస్టు ఖాళీ పడింది. నోటిఫికేషన్లో పదో తరగతి పాసవ్వాలి, 21 నుంచి 35 ఏళ్లు, స్థానికురాలు, పెళ్లయి ఉండాలి. మా చెల్లి ఇంటర్ చదివింది, పిల్లలంటే ప్రాణం, వరదలప్పుడు పడవ మీద సరుకులు దించడానికి కూడా వెళ్లేది. పెళ్లి కాలేదని అప్లికేషనే వేయలేకపోయింది. పిల్లలకి చెప్పడానికి తాళికి ఏంటి సంబంధం?

రాజోలు_టీచరమ్మ
పెళ్లయితే వేరే ఊరు వెళ్లిపోతుంది, పోస్టు మళ్లీ ఖాళీ అవుతుందని ఆ నిబంధన పెట్టారంటారు. కానీ మా దగ్గర పదో తరగతి అవ్వగానే సంబంధాలు చూసే ఇళ్లు ఉన్నాయి. ఉద్యోగానికి పెళ్లి అర్హత అని ఆ ఇళ్లకి తెలిస్తే పిల్ల చదువు ఏమవుతుందో ఆలోచించండి. నాకు ఇది అస్సలు నచ్చదు.

అంగన్‌వాడీ_అక్క
మార్చాలండీ. చదువు అర్హత కూడా పెంచుతూ పోతున్నారు, విద్యా విధానంలో ఇంటర్, ఆపైన చదివిన వర్కర్లకి ఆర్నెల్ల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ ఉన్నవాళ్లకి ఏడాది డిప్లొమా అని రాశారు. పోషణ్ భీ పఢాయీ భీ (పోషణా, చదువూ) అని మాకు ట్రైనింగులు కూడా పెడుతున్నారు, అందులో ఆటతోనే చదువు అని చెప్పారు, బాగుంది. ముందే నేర్చుకుని వచ్చే పిల్లలుంటే మా మీద ఇంత భారం ఉండదు.

నరసాపురం_లేసు
అందరూ పంపండి పంపండి అంటున్నారు, నేనొక మాట అంటాను. వారానికి రెండు గంటలు నేర్చుకోవడం వేరు, ఆయా సెలవు పెట్టిన రోజు హైస్కూల్ పిల్లల్ని పిలిచి గిన్నెలు తోమించడం వేరు. రెండోదే ఎక్కువ జరుగుతుంది. మా ఊళ్లో లేసు పని కూడా ఇలాగే "నేర్పిస్తున్నాం" అని మొదలుపెట్టి చిన్న పిల్లల చేత గంటలు గంటలు అల్లించుకున్నారు, మా అమ్మ చెప్పేది.

ఇంకోటి, పసిపిల్లల భద్రత. ఎవరు పడితే వాళ్లు ఫొటోలు తీసి స్టేటస్ పెట్టేస్తున్నారు. పిల్లలపై లైంగిక నేరాలకి పోక్సో చట్టం వచ్చింది 2012లో, దాని గురించి ఈ పెద్ద పిల్లలకి ఒక్క పాఠమైనా చెప్పారా?

రాజోలు_టీచరమ్మ
మీ రెండు మాటలూ న్యాయమైనవి. నేను పెట్టిన నియమాలు చెబుతాను, లోపముంటే దిద్దండి. ఫోన్లు నా టేబుల్ సొరుగులో పెట్టి వెళ్తారు. ఏ పిల్లాడితోనూ ఏ గదిలోనూ ఒంటరిగా ఉండకూడదు, టీచరో ఆయానో కనిపించేంత దూరంలో ఉండాలి. బాత్రూమ్, బట్టలు మార్చడం మా పిల్లల పని కాదు, పెద్దవాళ్లు చేస్తుంటే చూసి నేర్చుకోవచ్చు. జలుబు, జ్వరం ఉంటే వెళ్లకూడదు. వంట, గిన్నెలు, రికార్డులు రాయడం నిషేధం. పోక్సో గురించి ఒకసారి చెప్పాను, మహిళా పోలీసుని పిలిచి మళ్లీ చెప్పిస్తాను.

నరసాపురం_లేసు
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. ఆ నియమాలు కాగితం మీద రాసి తల్లిదండ్రుల సంతకం తీసుకోండి.

డైట్_రిటైర్డ్
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. టీచరమ్మా, ఆ రెండు గంటల్లో పిల్లలు ఏం చేస్తున్నారు? ఊరికే ఆడిస్తుంటే కొన్నాళ్లకి వాళ్లకీ విసుగొస్తుంది, తల్లిదండ్రులకి చూపించడానికీ ఏమీ ఉండదు. చూడటం నేర్పండి. మాంటిస్సోరీ గారు 1939లో మద్రాసు అడయారు వచ్చి మన టీచర్లకి శిక్షణ ఇచ్చారు, ఆవిడ పద్ధతిలో చేతులు కట్టుకుని పిల్లవాణ్ని గమనించడం పెద్ద పాఠం.

ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకం, ఒక్కొక్కరికి ఒకే బిడ్డ. పది నిమిషాలు చూడాలి, చూసింది మాత్రమే రాయాలి. "బాబు అల్లరి చేశాడు" అని రాస్తే కొట్టేయండి. "నలుగురికి రెండు బంతులే ఉన్నాయి, బాబు రెండుసార్లు చెయ్యి చాపాడు, ఇవ్వలేదు, మూడోసారి తోశాడు" అని రాయాలి. ఇలా రాస్తే అల్లరి ఎందుకొచ్చిందో చదివినవాళ్లకి తెలుస్తుంది, రేపు ఇంకో రెండు బంతులు తేవాలనీ తెలుస్తుంది. డైట్‌లో మా ట్రైనీలకి ఇది నేర్పడానికి సెమిస్టరంతా పట్టేది, పద్నాలుగేళ్ల పిల్లలు ఇంకా త్వరగా పట్టుకుంటారని నా నమ్మకం, ఎందుకంటే వాళ్లకి తాము చిన్నప్పుడు ఎలా ఉన్నామో ఇంకా గుర్తుంటుంది. మీ బయాలజీ రికార్డు కంటే కష్టమైన రికార్డు ఇది. గొడవకి వచ్చిన తండ్రి చేతిలో ఆ పుస్తకం పెట్టండి.

కొబ్బరితోట_రైతు
మాస్టారూ, ఆ బంతుల ముక్క చదివి కాసేపు ఆగాను. మా చిన్నదాన్ని ఎల్‌కేజీలో "మొండి" అని డైరీలో రాసి పంపేవాళ్లు, ఏడాదంతా అదే మాట. ఎందుకు మొండి చేస్తోందో ఒక్కరూ రాయలేదు.

నా మాట మాత్రం మార్చుకోను. రెండు గంటలు, లెక్కలు, సైన్సు పోకుండా, సంతకం తీసుకుని అయితే పంపండి, పదో తరగతి వాళ్లని సంక్రాంతి తర్వాత వద్దు. కానీ ఇది మంచి కెరీర్ అని పిల్లలకి ఆశ పెట్టేముందు జీతం ఎంతో కూడా చెప్పండి. దాచకండి.

రాజోలు_టీచరమ్మ
చెబుతాను రైతు గారూ. పాలకొల్లు మాస్టారి కోర్సుల జాబితా పక్కనే, ఈ చర్చలో వచ్చిన జీతాలన్నీ చార్టు మీద రాసి క్లాసులో పెడతాను. పదో తరగతి వాళ్ల సంగతి కూడా ఒప్పుకుంటున్నాను. హెచ్‌ఎం గారికి డైట్ మాస్టారి పోస్టు చదివి వినిపించాను. పై నుంచి అనుమతి కాగితం ఉంటే అభ్యంతరం లేదన్నారు. ఎవరికి పెట్టుకోవాలి? అంగన్‌వాడీలు చూసే సీడీపీవోకా, మండలంలో బళ్లు చూసే ఎంఈవోకా?

అంగన్‌వాడీ_అక్క
ఇద్దరికీ పెట్టండి. మీ పిల్లలు బడి దాటి వస్తున్నారు కాబట్టి ఎంఈవోకి, మా సెంటర్లోకి వస్తున్నారు కాబట్టి సెక్టార్ సూపర్‌వైజర్ ద్వారా సీడీపీవోకి. నియమాల కాగితం రెండింటికీ జత చెయ్యండి. టైం మాత్రం పొద్దున పది నుంచి పన్నెండు అని రాయండి, భోజనం అయ్యాక మా వాళ్లు పడుకుంటారు, అప్పుడొస్తే నిద్రపోయే పిల్లల్ని చూడాలి.

పాలకొల్లు_లెక్చరర్
మా ఓజేటీకి రాసే లేఖ నమూనా నా దగ్గర ఉంది, పేర్లు మార్చుకుంటే సరిపోతుంది. రాత్రికి ఇక్కడే పెడతాను.

ఇంటర్_కుర్రాడు
డీఈఈసెట్ సిలబస్ కూడా పెట్టండి సార్.